గున్నబాబు తిన్నాడా

నేను ఒక ఏనుగు తలను. తల మాత్రమే. మొండెం సంగతి అడగకండి, అది వేరే సంచిలో ఉంటుంది, వారానికోసారి లాండ్రీకి పోయి వస్తుంది. నన్ను ఎవరూ ఉతకరు. తడిగుడ్డతో తుడిచి, కాసేపు ఎండకు పెట్టి, లోపల కాస్త అత్తరు చల్లుతారు. తలన్నాక ఆ మాత్రం మర్యాద ఉండాలి కదా.

నా బరువు రెండున్నర కిలోలు. చెవులు చాటలంత ఉంటాయి. తొండం మాత్రం కురచ. భోజనాల బల్లల మధ్య తిరిగే ఉద్యోగం కాబట్టి, సాంబారు గిన్నెల్లో పడకుండా ఉండాలని కావాలనే కురచగా పెట్టించారు. ఇప్పుడు నాకు బోలెడంత తీరిక. ఆ తీరికలో నా కథ చెబుతాను, వినండి.

నేను పుట్టింది ధూల్‌పేటలో, కిషన్ సింగ్ అనే ఆయన చేతుల్లో. ఆయన తాత, తండ్రి, ఆయన, ముగ్గురూ వినాయక విగ్రహాలు చేసినవాళ్లే. ముప్పయ్యేళ్లుగా ఆయన ఏ మట్టిముద్దను ముట్టుకున్నా అది బొజ్జ గణపయ్య అయి కూర్చునేది. అలాంటాయన దగ్గరికి ఒకరోజు మృదుల అనే మేడం వచ్చి, ఫోన్‌లో ఒక బొమ్మ చూపించి, ఇలా నవ్వుతున్న గున్న ఏనుగు తల కావాలి, మనిషి తొడుక్కోవడానికి వీలుగా ఉండాలి అని చెప్పింది. చవితి వెళ్లి నెల దాటింది, షెడ్డులో పని లేదు. ఆయన సరేనన్నాడు.

ఫైబర్‌తో గుల్ల పోశాడు. స్పాంజి అతికాడు. బూడిదరంగు బొచ్చుగుడ్డ చుట్టాడు. బుద్ధి ఫోన్‌లో బొమ్మను చూస్తోంది గానీ చేతులు వాటి దారిన అవి పోతున్నాయి. బొమ్మలో ఏనుగు కళ్లు గుండ్రంగా విప్పారి ఉంటే, నాకు సగం వాలిన చల్లని కళ్లు దిద్దాడు. బొమ్మలో రెండు దంతాలుంటే, నాకు ఒకటి నిండుగా పెట్టి, రెండోదాన్ని సగానికి తుంచేశాడు. తుంచాక గానీ ఆయనకు తెలియలేదు. అతికి చూశాడు, అతికిన దంతం ఆయన కంటికి ఆనలేదు, మళ్లీ తీసేశాడు. నుదుటి మీద బొట్టు పెట్టబోయి ఆఖరి క్షణంలో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అది తన జీవితంలోకెల్లా గొప్ప నిగ్రహమని ఆయన అనుకున్నట్టు మొహం చూస్తే తెలిసింది.

నన్ను తీసుకుపోవడానికి మృదుల మేడం వచ్చేసరికి ఆయన నా ముందు చేతులు జోడించి నిలబడి ఉన్నాడు.

"ఏంటి సింగ్ గారూ, బొమ్మకి దండం పెడుతున్నారు?"

"కండ్లు దిద్దినంక దండం పెట్టకుంటే చేతులు ఊకోవు మేడం. అలవాటు."

మేడం నవ్వేసి, నేను చాలా క్యూట్‌గా ఉన్నానని చెప్పి, కారు వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు కూడా పెట్టింది. దంతం సంగతి ఆమె గమనించనే లేదు. దారిలో సిగ్నల్ దగ్గర పక్క స్కూటర్ మీద ఉన్న పెద్దాయన కారు అద్దంలోంచి నన్ను చూసి చెప్పులు విడిచి లెంపలు వేసుకున్నాడు. రాబోయేదేమిటో నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది.

నన్ను తీసుకుపోయిన చోటు పేరు కిలకిల వనం. హైదరాబాద్ బయట, ఔటర్ రింగ్ రోడ్డు దాటాక ఉంటుంది. నీళ్లలో జారే జారుడుబల్లలు, ఆకాశంలో తిరిగే రంగులరాట్నం, రెండు రోజులు ఉండిపోయే వాళ్లకు గదులు, వీటన్నిటి మధ్యలో ఒక భోజనశాల. దాని పేరు వనభోజనం. మృదుల మేడం దానికి మేనేజరు. అక్కడి ప్రత్యేకత ఏమిటంటే, కుటుంబం బల్ల దగ్గర కూర్చోగానే ఒక జంతువు వచ్చి వాళ్ల పక్కన కుర్చీలో కూర్చుంటుంది. పిల్లలతో చేతులు కలుపుతుంది, ఫోటోలు దిగుతుంది, అన్నం తినని పిల్లలకు గిన్నె చూపించి తల ఊపుతుంది. పులి, కుందేలు, చిలక అప్పటికే ఉన్నాయి. నాలుగోదాన్ని నేను. నాకు గున్నబాబు అని పేరు పెట్టారు.

మేం వేషం కట్టుకునే గదిలో గోడ మీద ఒక బోర్డు ఉండేది. దాని మీద మూడు నియమాలు. హాల్లో మాట్లాడరాదు. హాల్లో తల తీయరాదు. వేషం కట్టేముందు గానీ, వేషంలో ఉండగా గానీ ఏమీ తినరాదు. మూడో నియమం నా వల్లే వచ్చింది. మొదట నన్ను తొడుక్కున్న డాన్సు మాస్టారు కడుపునిండా బిర్యానీ తిని, లోపల ఉక్కకు తట్టుకోలేక, పుట్టినరోజు కేకు ఎదురుగా కళ్లు తిరిగి పడిపోయాడు. అప్పటి నుంచి జంతువులు పన్నెండింటికి ఖాళీ కడుపుతో హాల్లోకి పోయి, నాలుగింటికి బయటికొచ్చి తినేవి. ఇక నన్ను తొడుక్కున్న రెండో ఆయన లోపలే ఫోన్ చూసుకుంటూ నడిచి స్తంభానికి గుద్దుకున్నాడు. నా నుదుటి మీద సొట్ట ఆయన జ్ఞాపకమే.

మూడోసారి ఎవరూ దొరక్క, గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్న పోశెట్టిని పిలిచారు. యాభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా, ఎడమ కంటి కింద మిరియపు గింజంత పుట్టుమచ్చతో ఉంటాడు. నన్ను చూడగానే వెంటనే నెత్తిన పెట్టుకోలేదు. రెండు చేతులతో ఎత్తి కళ్లకు అద్దుకున్నాడు. కిషన్ సింగ్ దండం పెట్టింది దేవుడికి. ఈయన మొక్కింది వేషానికి. ఆ తేడా నాకు వెంటనే తెలిసింది.

పోశెట్టి వాళ్లది పగటివేషాల కుటుంబం. ఊరూరూ తిరిగి, ఒక్కో ఊళ్లో వారం రోజులుండి, రోజుకో వేషం కట్టి ఇల్లిల్లూ ఆడేవాళ్లు. ఒకరోజు బైరాగి, ఒకరోజు పిట్టలదొర, ఒకరోజు ఫకీరు. వాళ్లింట్లో ఒక పద్ధతి ఉండేది. ఆఖరి రోజు ఏ వేషమూ కట్టకుండా, కడిగిన మొహంతో, మామూలు బట్టల్లో ప్రతి గడపకూ పోయి నిలబడాలి. ఊళ్లోవాళ్లు తేరిపార చూసి, మొన్న వచ్చిన బైరాగివి నువ్వేనా అని అడగాలి. అలా మనిషిని గుర్తుపడితేనే వేషం పూర్తయినట్టు. గుర్తుపట్టకపోతే ఆ ఊళ్లో వేసిన వేషాలన్నీ సగంలో ఆగినట్టే లెక్క.

పోశెట్టి ఆఖరిసారి ఆడిన ఊళ్లో అదే జరిగింది. ఏడో రోజు కడిగిన మొహంతో పోతే, ఇళ్లన్నిటికీ తలుపులు వేసి ఉన్నాయి. లోపల టీవీలో క్రికెట్ మోగుతోంది. ఒక్కరూ బయటికి రాలేదు. ఆయన తిరిగొచ్చి రంగుల పెట్టె అటక మీద పెట్టేశాడు. తొమ్మిదేళ్లు గేటు దగ్గర విజిల్ ఊదాడు. ఈ సంగతి చిలక వేషం వేసే ఆవిడకు ఒకసారి చెబుతుంటే, ఆయన ఒళ్లో ఉండి విన్నాను.

"ఇంకొక్క వేషమన్న మంచిగ ముగించాలె అక్కా. సగంల ఇడిస్తే మా నాయిన కలల కొచ్చి కొడతడు," అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు గానీ నవ్వులాటకు కాదు.

ఆయన నన్ను తొడుక్కుని మొదటిసారి నడిచినప్పుడు నేను నిజంగానే ఏనుగునయ్యాను. అడుగు వేసేముందు కొంచెం ఆగేవాడు, ఒళ్లంతా ఒక పక్కకు ఒరిగేది, తరువాత తొండం ఊగేది. ఎక్కడ నేర్చుకున్నాడని పులి వేషగాడు అడిగితే, జూకు పోయి మూడు సెలవు రోజులు నిలబడి చూశానన్నాడు. మీకొక రహస్యం చెప్పాలి. నా కళ్లు ఉత్త పెయింటు. లోపలి మనిషి చూసేది నా నోట్లోంచి. నోటికి నల్లని వల కట్టి ఉంటుంది, దాని వెనకే ఆయన కళ్లుంటాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఇంత బాగా నడిచినా మా ఇద్దరికీ ఒక కష్టం వచ్చి పడింది. నన్ను చూస్తే పిల్లలు పరిగెత్తుకొచ్చేవారు. పెద్దలు మాత్రం లేచి నిలబడేవారు.

మొదటి రోజే ఒక కుటుంబం చికెన్ తింటోంది. నేను వాళ్ల బల్ల వైపు తిరగ్గానే ఆ ఇంటాయన గబుక్కున ప్లేటు మీద ఇంకో ప్లేటు బోర్లించాడు. ఆయన భార్య బిర్యానీ గిన్నెను బల్ల కిందికి తోసింది. ఇద్దరూ చేతులు కడుక్కోకుండా ఎలా దండం పెట్టాలో తెలియక మోచేతులు జోడించారు. పోశెట్టి కుర్చీ లాక్కుని కూర్చోబోతే, "అయ్యో స్వామీ, ఇక్కడ ఎంగిలి," అన్నారు. మేము నిలబడే ఉండిపోయాం. వారం తిరిగేసరికి నా నుదురంతా కుంకుమ. ఎంసెట్ రాసే పిల్లలు వరుసగా వచ్చి నా చెవిలో హాల్ టికెట్ నంబర్లు చెప్పి పోయేవారు. ఒకాయన వీసా గురించి చెప్పాడు, అది కూడా ఏ కౌంటరులోనో స్పష్టంగా చెప్పాడు. అవన్నీ విన్నది పోశెట్టి. పాపం, ఆయన ఏ ఒక్కటీ మరిచిపోకుండా, సాయంత్రం బస్సు ఎక్కేముందు గేటు పక్కనున్న గుడి దగ్గర ఆగి ఆ నంబర్లన్నీ అప్పజెప్పి వచ్చేవాడు.

అసలు సంగతి మాత్రం ఇది. నా పక్కన కూర్చుని ఎవరూ తినేవారు కాదు. దేవుడి పక్కన కుర్చీ వేసుకుని కోడికాలు కొరకడానికి ఎవరికి మనసొప్పుతుంది? పులి పక్కన కుటుంబాలు కిటకిటలాడుతుంటే నేను ఉత్సవ విగ్రహంలా హాలు మధ్యలో నిలబడేవాడిని.

మృదుల మేడం ఊరుకునే మనిషి కాదు. నాకు నల్లకళ్లద్దాలు పెట్టింది. క్రికెట్ టోపీ పెట్టింది. అది చూసి జనం ఇంకా ముచ్చటపడ్డారు. చవితి పందిళ్లలో వినాయకుడిని క్రికెట్ ఆడుతున్నట్టు, బండి నడుపుతున్నట్టు, డాక్టరులాగా పెట్టడం వాళ్లకు అలవాటే. టోపీతో నన్ను చూసి, ఈసారి స్వామి ఈ అవతారమా అని ఇంకో దండం పెట్టారు. విరిగిన దంతానికి ప్లాస్టరు పెట్టి అతికిస్తే, స్వామికి దెబ్బ తగిలిందని ఒకావిడ కళ్లనీళ్లు పెట్టుకుంది.

చివరికి మరుసటి ఏడు దసరా సెలవులకు ముందు మేడం మేం వేషం కట్టే గదిలోకి వచ్చి పోశెట్టి ఎదురుగా కూర్చుంది.

"పోశెట్టీ, నీ పని నాకు నచ్చుతుంది. కానీ మన దగ్గరికి జనం వచ్చేది కలిసి తినడానికి. సెలవులు అయిపోయేలోపు ఒక్క కుటుంబమైనా గున్నబాబు పక్కన కూర్చుని హాయిగా తినాలి. లేకపోతే ఏనుగును తీసేసి జిరాఫీని పెడతాను. జిరాఫీకి ఎవరూ దండం పెట్టరు."

"జిరాఫీల నేను పడతనా మేడం? మెడ..."

"అది కుర్రవాళ్లు చెయ్యాలి. నువ్వు మళ్లీ గేటు దగ్గరికి వెళ్లు. అక్కడ నీ ఉద్యోగం ఉంటుంది."

మేడం వెళ్లాక పోశెట్టి నన్ను ఒళ్లో పెట్టుకుని నుదుటి సొట్టను బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు. గేటు ఆయనకు కొత్త కాదు, కష్టమూ కాదు. మళ్లీ ఒక వేషం సగంలో ఆగిపోతోంది, అదే ఆయన బాధ. నాకూ బాధ వేసింది. తొమ్మిదేళ్ల తరువాత దొరికిన వేషం నేను, నా మొహం మూలంగానే అది పోతోంది.

సెలవులు కరిగిపోయాయి. పది రోజులూ దండాలే. చివరి ఆదివారం మధ్యాహ్నం హాలు నిండిపోయింది. కిటికీ పక్క బల్ల దగ్గరికి ఒక కుటుంబం వచ్చి కూర్చుంది. భార్యాభర్తలు, ఆరేళ్ల పాప జోషిత, ఆ పాప నానమ్మ కోటేశ్వరమ్మగారు. గుంటూరు వైపు మనుషులు, కూకట్‌పల్లిలో ఉంటున్నారు. ఆ రోజు పాప పుట్టినరోజు. ఆమెకు పులి వద్దు, కుందేలు వద్దు, ఏనుగే కావాలి. మేము వెళ్లాం. పోశెట్టి కుర్చీ వెనక చెయ్యి వేశాడో లేదో కోటేశ్వరమ్మగారు లేచి నిలబడ్డారు.

"కూర్చోబెట్టకండి. మన ఎంగిలి పళ్లేల మధ్య ఆయనెలా కూర్చుంటాడు? దణ్ణం పెట్టుకుని పంపించెయ్యండి."

"నానమ్మా, నువ్వు ఇంట్లో రోజూ దేవుడికి అన్నం పెడతావు కదా," అంది జోషిత.

"పెడతానమ్మా."

"మరి ఇక్కడెందుకు పెట్టవు?"

కోటేశ్వరమ్మగారు బల్ల వైపు చూశారు. ఎవరూ ఇంకా ముద్ద ముట్టలేదు, కాబట్టి ఎంగిలి అనడానికి లేదు. వేడి అన్నం వచ్చింది, పప్పు వచ్చింది, నెయ్యి ఉంది. ఆమె చేసంచిలోంచి ఒక చిన్న సీసా బయటికొచ్చింది. ఇంటి ఆవకాయ. ఎక్కడికి పోయినా దాన్ని తీసుకుపోయే మనిషి ఆమె. పప్పన్నం కలిపి, ఇంత నెయ్యి వేసి, పుట్టినరోజు కదా అని ఆవకాయ కూడా దట్టించి, నిమ్మకాయంత ముద్ద చేసి, కళ్లు మూసుకుని ఏదో అనుకుని, నేరుగా నా నోట్లో పెట్టేశారు.

నోట్లోంచి చూసేది ఎవరో మీకు ముందే చెప్పాను.

నల్లని వల ముద్దను ఆపింది గానీ ఆవకాయ నూనెను ఆపలేదు. పోశెట్టి రెండు కళ్లూ భగ్గుమన్నాయి. లోపల ఆయన ఒళ్లంతా బిగుసుకోవడం నాకు తెలుస్తోంది. అరవకూడదు. తల తీయకూడదు. ఇంకెవరైనా అయితే నన్ను తీసి నేలకు కొట్టి నీళ్ల కోసం పరిగెత్తేవారు, నేను తప్పు పట్టేవాడిని కాదు. ఆయన మాత్రం గుడ్డిగా చేతులతో తడుముకుంటూ, దొరికిన కుర్చీలో జోషిత పక్కన కూలబడ్డాడు. గొంతులోంచి తన్నుకొస్తున్న దగ్గును అలాగే పైకి లాగి, సాగదీసి, ఒక ఘీంకారంగా మార్చాడు. మూడు సెలవు రోజులు జూలో నిలబడిన ఫలితం అది. హాలంతా ఉలిక్కిపడి చూసింది.

"కారంగా ఉంది దానికి," అని జోషిత చప్పట్లు కొట్టి, గ్లాసెడు మజ్జిగ ఎత్తి నా నోట్లో పోసేసింది.

మజ్జిగతో నూనె కొంత కొట్టుకుపోయింది. వల తేటపడింది. కోటేశ్వరమ్మగారు నైవేద్యం స్వామికి చేరిందా లేదా అని వంగి నా నోట్లోకి చూశారు. లోపల ఒక కన్ను కనిపించింది. చింతనిప్పులా ఎర్రగా ఉంది. దాని కింద ఒక పుట్టుమచ్చ, పుట్టుమచ్చ మీదుగా నీళ్లు కారుతున్నాయి.

ఆమె వెనక్కి తగ్గలేదు. ఇంతకాలం నన్ను చూసినవాళ్లంతా నన్నే చూశారు. నాలోపలికి చూసి, అక్కడ ఒక మనిషి ఉన్నాడని కనుక్కున్నది ఆమె ఒక్కతే. ఆమె మొహంలో మొదట సిగ్గు కనిపించింది, తరువాత భయం కనిపించింది, ఆ తరువాత గోడ మీద గడియారం వైపు చూశారు. రెండున్నర దాటింది. నా చాటంత చెవిని చేత్తో పట్టుకుని నోటి దగ్గరికి లాక్కున్నారు. అందరూ కోరికలు చెప్పుకునే చెవి అది. ఆమె ఏమీ కోరలేదు.

"నాయనా, అన్నం తిన్నావా?"

పోశెట్టి జవాబు చెప్పకూడదు. నన్ను మెల్లగా అడ్డంగా ఊపాడు.

కోటేశ్వరమ్మగారు కొడుకును కుర్చీ ఇటు జరపమన్నారు, కోడలిని అటు జరగమన్నారు. మళ్లీ పప్పన్నం కలిపారు. ఈసారి ఆవకాయ వెయ్యలేదు. చీర కొంగు విప్పి నా మెడ చుట్టూ అడ్డం పెట్టి, నన్ను రెండు వేళ్లంత పైకి లేపి, గడ్డం కింద నుంచి ముద్ద అందించారు. నలుగురు పిల్లల్ని పెంచిన చెయ్యి, ఒక్క మెతుకు కింద పడలేదు. పోశెట్టి తిన్నాడు. పొద్దుటి నుంచి ఏమీ తినని కడుపు, ఎంత ఆత్రంగా నమిలాడో నా స్పాంజికి తెలుసు.

"నానమ్మా, గున్నబాబు దేవుడేనా?"

"కాదమ్మా. ఆకలేసినవాడు. నువ్వూ తిను, ఆయన పక్కన కూర్చుని."

పాప తింది. కొడుకు, కోడలు తిన్నారు. పక్క బల్ల దగ్గరి పెద్దాయన ఇదంతా చూసి, నన్ను చూడగానే తన చికెన్ మీద బోర్లించిన ప్లేటును మెల్లగా తీశాడు. ఇంకో బల్ల వాళ్లు, మా దగ్గరికీ పంపించండి, మా పిల్లాడూ పెడతాడట, అన్నారు. ఆ మధ్యాహ్నం ఆరు కుటుంబాల మధ్య కూర్చున్నాం. తలుపు దగ్గర మృదుల మేడం చేతులు కట్టుకుని నిలబడి అంతా చూస్తూనే ఉంది.

నాలుగింటికి గదిలోకి వచ్చింది. పోశెట్టి నన్ను ఒళ్లో పెట్టుకుని, ఉబ్బిన కళ్లతో లేచి నిలబడ్డాడు.

"మూడో నియమం తప్పావు పోశెట్టీ."

"తప్పిన మేడం."

మేడం బోర్డు వైపు తిరిగింది. "మీరు తిన్నరా మేడం?" అన్నాడు పోశెట్టి. ఆమె తినలేదు. ఆదివారం ఎప్పుడూ తినదట, తీరిక ఉండదట. ఆమె మార్కరు తీసి మూడో నియమం కొట్టేసి, దాని కింద కొత్తది రాసింది. జంతువులు అతిథుల కంటే ముందు తినాలి. తేలిగ్గా, పదకొండింటికల్లా. పులి, కుందేలు, చిలక నాకు ఎప్పటికీ రుణపడి ఉంటాయి. జిరాఫీ ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అలా నాలుగేళ్లు గడిచాయి. దండాలు పూర్తిగా పోలేదు, హాల్ టికెట్ నంబర్లూ పోలేదు. కాకపోతే దండం పెట్టినవాళ్లు తరువాత కూర్చుని తినడం నేర్చుకున్నారు. కోటేశ్వరమ్మగారి కుటుంబం ఏటా జోషిత పుట్టినరోజు పేరు చెప్పి దసరా సెలవుల చివరి ఆదివారం వచ్చేది. ఆమె ఏటా నా చెవి దగ్గరికి లాక్కుని అదే ప్రశ్న అడిగేవారు. కొత్త నియమం పుణ్యాన కడుపు నిండి ఉండేది కాబట్టి, పోశెట్టి నన్ను నిలువుగా ఊపేవాడు. తిన్నాడన్నా ఆమె వదిలేవారు కాదు, ఒక ముద్ద కొంగు చాటున పెట్టాల్సిందే.

ఈలోగా నేను పాతబడ్డాను. బొచ్చు రాలింది, ఒక చెవి కుట్లు విడింది. పోశెట్టి మోకాళ్లు కూడా సహకరించడం మానేశాయి. కిషన్ సింగ్ కొత్త తల చేశాడు. ఈసారి మేడం పక్కనే కూర్చుని రెండు దంతాలూ నిండుగా పెట్టించింది. దాన్ని చూసి పిల్లలు ఇది మా గున్నబాబు కాదని గోల చేస్తే, మళ్లీ ధూల్‌పేటకు పంపి ఒకటి తుంచి తెప్పించారు. నన్నేమో అద్దాల పెట్టెలో పెట్టి, హాలు గుమ్మం పక్కన, బల్లలన్నీ కనిపించేలా ఉంచారు. మర్నాడే ఎవరో ఆ అద్దానికి బొట్టు పెట్టారు.

తన ఆఖరి రోజును పోశెట్టే ఎంచుకున్నాడు. దసరా సెలవుల చివరి ఆదివారం. మేడం దగ్గర ఒకటే అడిగాడు. "ఒక్కసారి కడిగిన మొకంతోని హాల్లకు పోత మేడం. ఎవ్వరికీ ఏం చెప్ప. ఊకె నిలబడి దండం పెట్టి ఒస్త." ఆమె ఒప్పుకుంది.

తెల్ల చొక్కా, పంచె కట్టుకుని, నున్నగా గడ్డం గీసుకుని వచ్చాడు. అద్దాల పెట్టె ముందు ఒక్క క్షణం ఆగి నన్ను చూసి హాల్లోకి పోయాడు. మొదటి బల్ల ముందు చేతులు జోడించి నిలబడితే, వాళ్లు రెండు నీళ్ల సీసాలు తెమ్మన్నారు. పోయి తెచ్చిపెట్టాడు. రెండో బల్ల వాళ్లు బిల్లు అడిగారు. మూడో బల్లాయన ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే పప్పు ఇంకాస్త వెయ్యమన్నాడు. పెట్టెలో నాకు చెమట పట్టదు గానీ, పట్టినంత పనైంది. తలుపులు మూసి ఉన్న ఆ ఊరే మళ్లీ ఆయనకు ఎదురైంది.

కిటికీ పక్క బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆయన అడుగులు బరువెక్కాయి. వేసేముందు కొంచెం ఆగుతున్నాయి, ఒళ్లు ఒక పక్కకు ఒరుగుతోంది.

"నానమ్మా," అంది పదేళ్ల జోషిత, చెంచా ఆపి. "ఆయన చూడు, గున్నబాబులా నడుస్తున్నాడు."

కోటేశ్వరమ్మగారు కళ్లజోడు సవరించుకుని చూశారు. తెల్ల చొక్కాను కాదు, జోడించిన చేతులను కాదు, ఎడమ కంటి కింద చూశారు. లేచి దగ్గరికి వచ్చి ఇంకా దగ్గరగా చూశారు.

"నాయనా, నా చేతి ఆవకాయ పడ్డ కన్ను ఇదేనా?"

పోశెట్టి తల ఊపాడు. నాలుగేళ్లుగా అలవాటైన ఊపు అది. తరువాత ఈ రోజు మాట్లాడవచ్చని ఆయనకు గుర్తొచ్చినట్టుంది.

"నేనే అమ్మా. ఇయ్యాల్టితోని అయిపాయె. సెలవు తీసుకుందమని ఒచ్చిన."

ఆ హాల్లో ఆయన గొంతు వినబడడం అదే మొదటిసారి. జోషిత లేచి ఆయన చెయ్యి పట్టుకుంది, పట్టుకుని గుమ్మం పక్కనున్న నా వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసింది. పక్క బల్లల వాళ్లు తిరిగి చూస్తున్నారు. నీళ్లు తెప్పించుకున్నాయన సీసా పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"సెలవు తరువాత తీసుకుందువు గాని," అంటూ కోటేశ్వరమ్మగారు కుర్చీ లాగారు. "అన్నం తిన్నావా?"

జంతువులు ముందు తినాలని బోర్డు మీద ఉంది. మనుషుల గురించి అందులో ఏమీ రాయలేదు. ఆ రోజు పోశెట్టి ఏ జంతువూ కాదు, అందుకని పదకొండింటికి ఎవరూ ఆయన్ని పిలిచి పెట్టలేదు.

"తినలేదమ్మా," అన్నాడు.

ఆయన కూర్చున్నాడు. ఆమె చేసంచిలోంచి సీసా తీసి, పప్పన్నం కలిపి, ముద్ద చేసి ఆయన అరచేతిలో పెట్టారు. ఈసారి ఆవకాయ కాస్త తక్కువే వేశారు.